సుభద్రమ్మ కుడిచేతి పట్టీ

పొందూరు,
తేది 9-10-2017.

గుండె రోగుల గృహ పర్యవేక్షణ పథకం ప్రాజెక్టు అధికారి గారి సముఖమునకు,
శ్రీకాకుళం.

పొందూరు కాపురస్తుడు, రైస్ మిల్లు రిటైర్డు గుమాస్తా జగన్నాధం వ్రాసుకొను అర్జీ.

విషయం: నా భార్య సుభద్రమ్మ (వయస్సు 68) ఒంటికి తమరు అమర్చిన వైర్లు లేని గుండె యంత్రమును ఏడు రోజులలో వాపసు చేయవలెనన్న ఉత్తర్వును రద్దుపరచుట గురించి, సదరు యంత్రమును మేము దూడకు కట్టితిమన్న అనుమానమును ఖండించుట గురించి.

సూచిక: తమ కార్యాలయ ఉత్తర్వు నం. 118, తేది 3-10-2017.

అయ్యా,

(పై ఉత్తర్వు కింద ఉన్న సంతకం తెగిన నూలుపోగులా ఉన్నందున తమరు అయ్యగారో అమ్మగారో పోల్చుకోలేకపోయాను. అమ్మగారైతే ప్రతి ‘అయ్యా’నూ ‘అమ్మా’గా దిద్దుకొని చదువుకొనగలరు.)

ముందుగా నా గురించి రెండు ముక్కలు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు మిల్లులో, ఇంజను గది గోడకు ఆనుకొని ఉన్న బల్ల దగ్గర గుమాస్తాగా పనిచేసి, యజమాని తరఫున కరెంటు ఆఫీసుకు, తహసీల్దారు గారికి, రైల్వే వారికి వెళ్ళిన అర్జీలన్నీ నా చేతితోనే వ్రాసి ఉన్నాను. కావున అర్జీ ఎట్లు వ్రాయవలెనో నాకు తెలియును. తెలిసి కూడా అక్కడక్కడ గాడి తప్పితే, కొంత వయసు మీద, కొంత తమ ఉత్తర్వు తెప్పించిన కోపం మీద నెట్టి క్షమించవలెను.

విన్నవించుకొను అంశములు:

1. నా భార్యకు కిందటేడు ఆగస్టులో గుండెపోటు వచ్చి, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇల్లు చేరినది. ఈ ఏడు ఏప్రిల్లో తమ టెక్నీషియను షీబా గారు వచ్చి యంత్రం అమర్చినారు. (కొత్తవలస అమ్మాయి, పనిమంతురాలు. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.) గుండె మీద అతికే బిళ్ళ ఒకటి, మణికట్టుకు పట్టీ ఒకటి, నడుముకు చిన్న పెట్టె ఒకటి, గూట్లో పెట్టుకొనే పెద్ద పెట్టె ఒకటి. వీటి మధ్య తీగలు లేవు. గాలిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. గూట్లో పెట్టె ఆ మాటలన్నీ పోగుచేసి శ్రీకాకుళం పంపుతుంది. మాట అందిన ప్రతిసారీ దాని మీద ఆకుపచ్చ దీపం ఒకసారి వెలిగి ఆరుతుంది. ప్రమాదమైతే ఎర్రదీపం వెలిగి, కూత కూడా పెడుతుంది.

2. ఈ యంత్రం గొప్పతనమంతా పొదుపులో ఉన్నదని షీబా గారు చెప్పినారు. మనిషి కదలకుండా ఉంటే బిళ్ళా, పట్టీ రెండూ నిద్రపోతాయట. పది నిమిషాలకొకసారి లేచి, గుండె లెక్క చెప్పి, మళ్ళీ పడుకుంటాయట. మనిషి కదిలితే మాత్రం పూర్తిగా మేలుకొని క్షణక్షణం కబురు చెబుతాయట. ఇందువల్ల ఒకసారి ఛార్జింగు పెడితే పది రోజులు వస్తుందట. మా మిల్లులో జోగయ్య అనే కళాసీ ఇదే పద్ధతిలో ఇరవై ఏళ్లు పనిచేసి పెద్ద అలసట లేకుండా రిటైరైనాడు. కనుక ఈ విధానం నాకు వెంటనే అర్థమైనది.

3. ఇక తమ ఉత్తర్వులోని మొదటి ఆరోపణ. రోగి రోజుకు ఇరవయ్యారు కిలోమీటర్లు నడుచుచున్నట్లు పట్టీ చెబుతున్నదనీ, అదే సమయమందు గుండె నిమిషానికి డెబ్భైకి మించుట లేదనీ, ‘ఇది మానవసాధ్యము కాదు’ అనీ తమరు వ్రాసినారు.

అయ్యా, సాధ్యమే. నా భార్య నూలు వడుకుతుంది.

ఇరవయ్యారు కిలోమీటర్లంటే మా గుమ్మం దిగి తమ ఆఫీసు దాటి ఇంకా అవతలికి పోవాలి. ఆమె వీధి చివర కొట్టు దాకా కూడా నడవదు. పదకొండో ఏట రాట్నం ముందు కూర్చున్న మనిషి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసుకొని, పొద్దున్న ఏడింటికి పీట మీద కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేస్తుంది. కుడిచెయ్యి చక్రం తిప్పుతూనే ఉంటుంది. ఎడమచెయ్యి దారాన్ని మెల్లగా పైకి లాగి మెల్లగా దించుతుంది. మిగతా ఒళ్ళు కదలదు. ముఖంలో కూడా ఏమీ కదలదు. ఆ తిరిగే చేతికి పట్టీ ఉంటే అది ప్రతి చుట్టునూ ఒక అడుగు కింద జమకట్టుకొని ఇరవయ్యారు కిలోమీటర్లు చేసినది. చేసిన తప్పు యంత్రానిది కాదు. దానికి నేర్పినవారు నడక నేర్పినారు, పరుగు నేర్పినారు, నిద్ర నేర్పినారు. పొందూరులో ఆడవాళ్ళు ఏం చేస్తారో నేర్పలేదు. కూర్చున్న మనిషి చెయ్యి ఆడుతూ ఉండగా విశ్రాంతిలో ఉండవచ్చునని వారికి తోచలేదు.

ఉత్తర్వు నేను పైకి చదివి వినిపిస్తే నా భార్య రాట్నం ఆపి లేచి, నా ఎదురుగా వచ్చి నిలబడి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు:

“ఏటి మావా, నాను రోజూ సికాకులం ఎల్లొస్తన్నానా? ఆ రాసినోల్ని ఓపాలి రమ్మను. ఈ పీట మీద కూకోబెట్టి నూలు తీయిస్తాను. ఎన్ని మైళ్ళో అప్పుడు తెలుస్తాది!”

ఈ ఆహ్వానమును తమరు అపార్థం చేసుకొనవద్దని మనవి. వస్తే కాఫీ కూడా ఇస్తుంది.

4. నూలు వడుకుట మాన్పించవచ్చును గదా అని తమరు అనవచ్చు. పెద్ద డాక్టరు గారు బరువులు ఎత్తవద్దన్నారు, మెట్లు ఎక్కవద్దన్నారు, రాట్నం మానమనలేదు. అయినా మా జాగ్రత్త కొద్దీ యంత్రం అమర్చిన కొత్తల్లో మూడు వారాలు రాట్నాన్ని మూలపెట్టి, మీద దుప్పటి కప్పినాము. ఆ మూడు వారాలలో ఆమె గుండె తొంభై రెండు, తొంభై నాలుగు కొట్టుకున్నట్టు తమ కాగితాలలోనే ఉన్నది. ఇంట్లో గిన్నెలు కూడా అంతే జోరుగా కొట్టుకున్నాయి. అది తమ కాగితాలలో ఉండదు. దుప్పటి తీసిన రోజు సాయంత్రానికి డెబ్భైకి దిగింది. కనుక తమ యంత్రం పనికిమాలిన లెక్క చెప్పలేదయ్యా. ఈ మనిషికి ఏది మందో కనిపెట్టి చెప్పింది. దాన్ని తమరు అనుమానించినారు.

5. దూడ గురించి. ‘యంత్రమును రోగి గాక ఇతరులు, దూడ వంటి పెంపుడు జంతువులతో సహా, ధరించి యుండవచ్చును’ అని ఉత్తర్వు రెండవ పేజీలో ఉన్నది. మాకు దూడ లేదు. ఎదురింటి వారికి ఉన్నది గాని అది మెడలో గంటే కట్టించుకోదు.

5-ఎ. అయితే నిజం దాచుట నా అలవాటు కాదు గనుక మనవి. సెప్టెంబరు 21వ తేది ఉదయం అరగంట సేపు యంత్రమును ‘ఇతరులు’ ధరించిన మాట వాస్తవమే. ఆ ఇతరులు నేను. రాట్నం తిప్పితే పట్టీ ఏమంటుందో పరీక్షించుటకు బిళ్ళతో సహా నేనే కట్టుకొని కూర్చున్నాను. దారం పదకొండుసార్లు తెగింది. పక్కింటి తాతమ్మ గారు గోడ మీంచి చూసి నవ్వినారు. నా భార్య నవ్వలేక గోడ పట్టుకున్నది. నా గుండె నూటనాలుగు కొట్టుకున్నట్టు తమ వద్ద నమోదై ఉండాలి. దయచేసి ఆ అరగంట కొట్టివేయగలరు. అది సుభద్రమ్మ గుండె కాదు, సిగ్గుపడిన గుమాస్తా గుండె.

6. పట్టీ ఎడమచేతికి కట్టవలెనన్న సూచనను పాటించలేదన్నది మూడవ ఆరోపణ. ఇందులో మేము దోషులమే. షీబా గారు మూడుసార్లు వచ్చి, “అమ్మమ్మగారూ, ఎడం చేతికే ఉంచండి. దారం లాగే చెయ్యి మెల్లగా కదులుతుంది గదా, దాన్ని ఇది నడక అనుకోదు. బ్యాటరీ పది రోజులూ వస్తుంది,” అని బతిమాలి, స్వయంగా ఎడమచేతికి కట్టి వెళ్ళినారు. మూడుసార్లూ ఆ అమ్మాయి ఎక్కిన ఆటో వీధి మలుపు తిరిగేలోగా పట్టీ కుడిచేతికి వచ్చేసింది. ఎందుకని నేను అడిగితే, “ఎడంసెయ్యి దురదెడతన్నాది,” అన్నది. చూస్తే మచ్చ కూడా లేదు. నలభై ఆరేళ్ల కాపురంలో ఈమె కారణం లేకుండా మొండికెత్తడం ఇదే మొదలు. ఎందుకో నాకు నేటికీ అంతుబట్టలేదు.

7. పై కారణముచేత పది రోజులు రావలసిన ఛార్జింగు ఒకటిన్నర రోజుకే అయిపోతున్న మాట యథార్థం. ఛార్జింగు నేనే పెడుతున్నాను. ఇందులో తమ ఆఫీసుకు వచ్చిన కష్టమేమిటో నాకు బోధపడలేదు.

8. తమ కార్యాలయం నుండి పద్నాలుగుసార్లు ఫోను చేసినా ఎత్తలేదన్నారు. నేను గుమాస్తాని. కాగితం మీద లేనిదేదీ జరిగినట్టు కాదని మా యజమాని నేర్పినారు. కావున ఫోను మీద నాకు నమ్మకం తక్కువ. ఏదైనా ఉంటే పోస్టులో వ్రాయగలరు.

9. ఆగస్టు 30న ఛార్జింగు అయిపోయి గూట్లో పెట్టె నలభై నిమిషాలు కూత పెట్టిననూ ఇంట్లో ఉన్న నేను పట్టించుకోలేదనీ, తాతమ్మ గారు వచ్చి ఆపినారనీ వ్రాసినారు. ఆ వేళ నా భార్య ఎదురింట్లో ఉన్నది. కూసిన మాట నిజమై ఉండవచ్చు. నాకు కూతతో పని లేదు. దీపం చాలు. వీలైతే ఆ దీపాలు ఇంకొంచెం పెద్దవి పెట్టించగలరు.

కావున అయ్యా, తమరు దయతలచి (అ) యంత్రమును వాపసు తీసుకొనకుండుటకును, (ఆ) తమ కంప్యూటరులో నడక, పరుగు, నిద్ర అను వరుసలో ‘నూలు వడుకుట’ అని ఒకటి చేర్చుటకును, (ఇ) ఉత్తర్వు నుండి దూడను తొలగించుటకును ఉత్తర్వులు దయచేయ ప్రార్థిస్తున్నాను. గడువు రేపటితో ముగుస్తున్నది. షీబా గారు ఎల్లుండి వచ్చి యంత్రం విప్పుకుపోవాలని తమరు ఆమెకు చెప్పినట్టు తెలిసింది. ఈ అర్జీ ఆమె కంటే ముందు తమను చేరాలి. తొమ్మిది అంశములూ, దూడతో సహా, తమరు తీరిక చేసుకొని స్వయముగా చిత్తగించవలెను.

యంత్రం విడిచిపెట్టమంటే తప్ప అన్నింటా
తమ విధేయుడు,
జగన్నాధం.

మరో మనవి (ఫైలులో చేర్చవద్దు):

అయ్యా, పైన వ్రాసినది గుమాస్తా. ఇది జగన్నాధం.

నాకు చెవులు వినిపించవు. ఇంజను పక్కన కూర్చున్నన్ని ఏళ్లూ బాగానే ఉన్నాను. రిటైరయ్యాక ఒక్కొక్క చప్పుడే వెళ్ళిపోయింది. ముందు పిట్టలు, తరవాత ఫోను, తరవాత గుమ్మంలో పిలుపు. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సరిపెట్టుకుంటాను, లేదా తలాడిస్తాను. తలాడిస్తే లోకంలో ముప్పాతిక పనులు జరిగిపోతాయి.

చిట్టచివరికి రాట్నం చప్పుడు పోయింది. నేను వీధి వసారాలో పేపరుతో కూర్చుంటాను. ఆమె లోపల నడవలో వడుకుతుంది. నలభై మూడేళ్లు ఆ రొద వింటూనే ఉన్నాను. కాస్త ఆగితే పోగు అతుకుతోందని, ఇంకాస్త ఆగితే మంచినీళ్ళు తాగుతోందని, అంతకన్నా ఆగితే లేచి చూడాలని నా ఒంటికి తెలుసు. అది పోయిందని ఆమెకు చెప్పలేదు. చెబితే బాధపడుతుంది.

కిందటేడు ఆగస్టులో ఆ పొద్దున్న రాట్నం ఆగింది. నాకు తెలియలేదు. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చొని పేపరు చివరి పేజీ దాకా చదివాను. పెరుగు తోడు కోసం తాతమ్మ గారు వచ్చి, లోపల పడి ఉన్న మనిషిని చూసి అరిచినారట. అదీ వినలేదు. భుజం పట్టి ఊపితే లేచాను. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు గారు అన్నారు. ఇంటికి వచ్చాక ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేనే ముందుగా, తాతమ్మ గారిని చెప్పవద్దని బతిమాలుకొని, ఆ టైములో పోస్టాఫీసుకు వెళ్ళానని చెప్పాను. నా జన్మలో ఆమెకు చెప్పిన అబద్ధం అదొక్కటే. చెవి మిషను పెట్టించుకుంటే ఆ అబద్ధం బయటపడుతుందని అదీ పెట్టించుకోలేదు.

గూట్లోకి తమ పెట్టె వచ్చాక నా కుర్చీని కొంచెం తిప్పి వేసుకున్నాను. పేపరు అంచు మీంచి చూస్తే గూడు కనిపిస్తుంది. ఆకుపచ్చ దీపం టకటకా కొట్టుకుంటూ ఉంటే రాట్నం తిరుగుతోందని అర్థం. పోయిన చప్పుడు నాకు దీపమై తిరిగి వచ్చిందయ్యా. అది తీసుకుపోతే నేను మళ్ళీ పేపరు చదవలేను. భయంగా ఉంటుంది. అంతే నా మనవి.

ఈ సంగతి షీబా గారికి గాని, మా ఇంటికి వచ్చే ఎవరికి గాని చెప్పవద్దు. ఈ కవరు నా భార్య చేతనే మెతుకులతో అంటింపజేసి పోస్టు చేస్తున్నాను. భయం లేదు. నా అర్జీలు ఆమె ఏనాడూ చదవలేదు. ‘సముఖమునకు’ దగ్గరే కునుకు వస్తుందంటుంది.

జ.

సికాకులం బాబుగారికి,

నాను సుభద్రమ్మని. అయిదో క్లాసు దాకా సదువుకున్నాను. తప్పులుంటే ఏటీ అనుకోకండి. మావ కవరు అంటించమని ఇచ్చేడు. ఈపాలి మరీ లావుగా ఉన్నాదేటని తీసి సూసేను. మొదటి కాగితాలు నిజంగానే కునుకొచ్చీసినాయి. ఆకరిది సదివేక రాలేదు.

మావకి ఇనిపించదని నాకు తెలుసు బాబూ. ఆ దినం గుండె పట్టీసినప్పుడు నాను వెంటనే పడిపోనేదు. గుమ్మంలోంచి మావ ఈపు కనిపిస్తన్నాది. పేపరు సదూతన్నాడు. మావా అని పిలిసేను. మూడుసార్లు పిలిసేను. తిరగనేదు. నన్ను కాదని తిరక్కుండా ఉండే మనిషి కాడు. అప్పుడే తెలిసిపోనాది. తరవాత పోస్టాపీసంటే, ఓహో అలగా అన్నాను. ఆదివారం పోస్టాపీసు ఎక్కడున్నాది బాబూ?

అందుకే ఇప్పుడు ఏటి సెప్పాలన్నా ఎదురుగా ఎల్లి సెప్తన్నాను.

పట్టీ సంగతి. షీబా మంచి గుంట, దాన్ని తిట్టకండి. ఎడంసేతికి కడితే దీపం పది నిమిషాలకోపాలి ఎలుగుతాది. ఆ పది నిమిషాలూ మావ పేపరు కాగితం తిరగెయ్యడు. లేసి తొంగిసూస్తాడు, మల్లీ కూకుంటాడు, మల్లీ లేస్తాడు. కుడిసేతికి కట్టుకుంటే దీపం ఆగదు, మావ లెగడు. దురదా లేదు గిరదా లేదు. బేటరీ తింటాదంటే తిననియ్యండి. నాను తిరిగి మనిషినైనాను, మావ నిమ్మలంగా ఉన్నాడు. దానికి మీ బేటరీ ఏపాటి?

మిషను ఉంచీయండి. ఉత్తరం పోస్టులోనే రాయండి, మావ పేరు మీదే రాయండి. నాకు తెలుసని మావకి తెలీనియ్యకండి. దూడ మాట తీసినా తియ్యకపోయినా పరవాలేదు.

ఇదంతా రాట్నం ముందర పీట మీద కూకుని కుడిసేత్తోనే రాసేను. రాసినంతసేపూ దీపం కొట్టుకుంటానే ఉన్నాది. వసారాలోన మావ పేపరు సదూతన్నాడు.

సుభద్రమ్మ